రెండు నీళ్ల లెక్క: బరంపురంలో మా చిల్లర్‌కు చేయించిన పనితీరు నమూనా

మా ఆసుపత్రిని చల్లబరచడానికి నీటిని చల్లగా చేసే యంత్రం చిల్లర్. అది ఏ నీటి ఉష్ణోగ్రత దగ్గర ఎంత కరెంటు తీసుకుంటుందో ముందే చెప్పే లెక్కల నమూనా కట్టి ఇవ్వమని పోయిన ఏడాది మే నెలలో విశాఖపట్నం నుంచి ఇద్దరిని పిలిపించాం. ఆ లెక్క చేతికి వచ్చి పదిహేను నెలలు దాటింది. కొత్తలోనే రాసి ఉంటే ఇందులో పొగడ్త తప్ప మరొకటి ఉండేది కాదు. జనవరిలో వాళ్ల లెక్క ఒకచోట తప్పింది, వాళ్లే వచ్చి సరిచేశారు. ఈ ఆగస్టులో అదే లెక్క మమ్మల్ని పెద్ద నష్టం నుంచి కాపాడింది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ చూశాక రాస్తేనే చదివేవారికి పనికొస్తుందని ఆగాను.

నేను బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్లాంటు రూము ఇన్‌చార్జిని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మా నాన్నగారిది ఇచ్ఛాపురం. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆసుపత్రి నేలమాళిగలో 150 టన్నుల చల్లదనం ఇచ్చే, స్క్రూ కంప్రెసర్ ఉన్న చిల్లర్లు రెండున్నాయి, రెండూ నీటితో చల్లబడేవే. ఒకటి నడుస్తుంటే రెండోది అత్యవసరానికి సిద్ధంగా ఉంటుంది. డాబా మీద రెండు కూలింగ్ టవర్లు. ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూ, స్కానింగ్ గదులు అన్నిటికీ చల్లదనం ఇక్కడి నుంచే వెళ్తుంది. రాత్రి రెండు గంటలకు థియేటర్లో చల్లదనం తగ్గితే ఫోను నాకే వస్తుంది.

ఈ రంగంతో పరిచయం లేనివారి కోసం ఒక మాట. చిల్లర్‌కు రెండు వైపులా నీళ్లు తిరుగుతాయి. ఒక వైపు నీరు చల్లబడి వార్డులకు వెళ్లి వేడిని మోసుకొస్తుంది. రెండో వైపు నీరు ఆ వేడిని డాబా మీది టవర్‌కు తీసుకెళ్లి గాలిలో వదిలి, కాస్త చల్లబడి తిరిగి చిల్లర్ వేడి వైపు భాగమైన కండెన్సర్‌లోకి వస్తుంది. మధ్యలో కంప్రెసర్ చేసే పనల్లా వేడిని చల్లటి వైపు నుంచి వేడి వైపుకు ఎత్తిపోయడమే. మా తాతగారి పొలంలో ఏతం ఉండేది. నుయ్యి నిండుగా ఉన్నప్పుడు ఒక్క మనిషి గంటసేపు అలుపు లేకుండా తోడేవాడు. ఎండాకాలం నీరు కిందికి పోతే ఇద్దరు మారినా మడి తడిసేది కాదు. కంప్రెసర్ కూడా అంతే. రెండు వైపుల మధ్య ఎత్తు పెరిగితే కరెంటు పెరుగుతుంది.

చల్లదనాన్ని మా వాళ్లు టన్నుల్లో కొలుస్తారు. ఒక అమెరికా టన్ను (907 కిలోల) మంచు 24 గంటల్లో కరగడానికి తీసుకునే వేడి అన్న పాత లెక్క అది. ఇప్పటి కొలతలో 3.517 కిలోవాట్లు. టన్నుకు ఎన్ని కిలోవాట్ల కరెంటు పడుతోందన్నదే చిల్లర్ సామర్థ్యానికి మా కొలబద్ద. అది ఎంత తగ్గితే అంత మంచిది. మా యంత్రం పేరు పలక మీద 0.68 అని ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆ అంకెను యంత్రానికి పుట్టుకతో వచ్చిన గుణంలా చూశాం. నిజానికి అది ఒకే ఒక్క స్థితిలో కొలిచిన అంకె. ఏహెచ్‌ఆర్‌ఐ 550/590 అనే అమెరికా ప్రమాణం ప్రకారం బయటకు వచ్చే చల్లని నీరు 6.7 డిగ్రీలు, కండెన్సర్‌లోకి వచ్చే నీరు 29.4 డిగ్రీలు ఉన్నప్పటి మాట అది. గోపాల్‌పూర్ సముద్రం దగ్గర్లోనే ఉన్న ఊళ్లో, జూన్ ఉక్కలో, టవర్ నుంచి 29.4 డిగ్రీల నీరు ఎక్కడి నుంచి వస్తుంది? మాకు 32, 33 వస్తుంది.

వీళ్లకంటే ముందు మరొకరు వచ్చి ఆడిట్ చేశారు. ఎవరన్నది రాయను. సగం పూట ఉన్నారు. ప్యానెల్ మీద కనిపించిన అంకెలు రాసుకున్నారు, 0.70 వస్తోంది, యంత్రం మంచి స్థితిలో ఉంది అని నాలుగు పేజీలు ఇచ్చి వెళ్లారు. యాజమాన్యం సంతోషించింది. నాకు మాత్రం కరెంటు బిల్లు చూసినప్పుడల్లా ఆ అంకె మీద నమ్మకం కుదిరేది కాదు.

విశాఖ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. మేమంతా మాస్టారు అనే పిలిచాం. రెండో మనిషి పాతికేళ్లు దాటని అమ్మాయి. కొలతలు, కంప్యూటర్ లెక్కలు అన్నీ ఆమెవే. మూడు పగళ్లు, మూడు రాత్రులు ప్లాంటు రూములో ఉన్నారు. వచ్చిన మొదటి పూట లెక్క మొదలుపెట్టలేదు. పైపుల మీద ఉన్న థర్మామీటర్ గొట్టాలన్నిటి మూతలు తీయించారు. లోపల అన్నీ పొడిగా ఉన్నాయి. సెన్సర్‌కూ గొట్టం గోడకూ మధ్య గాలి ఉంటే నీటి వేడి సరిగ్గా తెలియదని ఒక్కోదానిలో నూనె పోయించారు. పంతొమ్మిదేళ్లలో ఆ గొట్టాల్లో నూనె ఉండాలని నాకు చెప్పినవారు లేరు.

ఆ సాయంత్రం జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఆ అమ్మాయి తన సెన్సర్‌ను చల్లని నీరు బయటకు వచ్చే పైపులో పెట్టి, ప్యానెల్ వైపు, తన చేతిలోని మీటరు వైపు మార్చి మార్చి చూసింది. "బాబాయ్ గారూ, మీ ప్యానెల్ 7.1 అంటోంది. నాది 7.6 అంటోంది. కాస్త ఐసు దొరుకుతుందా?" అని అడిగింది. క్యాంటీన్ నుంచి తెప్పించాను. రెండో చిల్లర్‌ను నడిపించి దీన్ని ఆపాం. ఐసును గుడ్డలో కట్టి సుత్తితో నలగ్గొట్టి, ఫ్లాస్కులో నింపి, మంచినీళ్లు పోసి కలిపింది. కరుగుతున్న మంచు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గరే ఉండాలి కదా. తన సెన్సర్ ముంచింది: 0.0. ప్యానెల్ సెన్సర్‌ను గొట్టంలోంచి లాగి అదే ఫ్లాస్కులో ముంచింది. ప్యానెల్ మీద మైనస్ 0.5 పడింది. పది నిమిషాలు కదపకుండా పట్టుకుంది. మారలేదు.

అర డిగ్రీకి ఇంత రాద్ధాంతం ఎందుకని మా మేనేజరు అడిగారు. అప్పుడు మాస్టారు గోడకున్న బోర్డు మీద రాసి చూపించారు. చల్లని నీటి ప్రవాహం గంటకు 80 ఘనపు మీటర్లు. లోపలికి వచ్చేది 12.1 డిగ్రీలు, బయటకు వెళ్లేది 7.6, తేడా 4.5. అంటే 119 టన్నులు. కంప్రెసర్ తీసుకుంటున్నది 92 కిలోవాట్లు. టన్నుకు 0.77. ప్యానెల్‌ను నమ్మితే బయటకు వెళ్లేది 7.1, తేడా 5.0, అంటే 132 టన్నులు, టన్నుకు 0.70. పాత ఆడిట్ చెప్పిన అంకె సరిగ్గా అదే! నాలుగున్నర డిగ్రీల తేడాలో అర డిగ్రీ అంటే పదకొండు శాతం. ఏళ్ల తరబడి మేం లేని పదమూడు టన్నుల చల్లదనాన్ని పుస్తకంలో రాసుకున్నాం.

అంతటితో ఆగలేదు. కండెన్సర్ వైపు కూడా కొలిచారు. చల్లని వైపు నుంచి తీసుకున్న వేడి, కంప్రెసర్ కరెంటు రెండూ కలిసి కండెన్సర్ నీటిలోనే కదా చేరాలి. అవి కలిపితే 511 కిలోవాట్లు. కండెన్సర్ నీరు గంటకు 100 ఘనపు మీటర్లు, 4.3 డిగ్రీలు వేడెక్కి వెళ్తోంది, అంటే 500. రెండు శాతం తేడా. ఐదు శాతం దాటితే ఆ కొలతను కొట్టేస్తామని ముందే చెప్పారు, చెప్పినట్టే రెండో రోజు తీసిన పదకొండు కొలతలు కొట్టేశారు. డబ్బు తీసుకుని వచ్చినవాళ్లు తమ పనిలో తామే తప్పులు వెతికి పారేయడం నేను తక్కువసార్లు చూశాను. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికంటే విలువైనది ఇదే.

తర్వాతి రెండు రాత్రులూ అసలు పని. మామూలుగా నడిచే యంత్రాన్ని అలా చూస్తూ కూర్చుంటే నమూనాకు పనికొచ్చే సమాచారం రాదు. ఎండ పెరిగితే లోడూ, అంటే అందించాల్సిన చల్లదనమూ పెరుగుతుంది, టవర్ నీరూ వేడెక్కుతుంది. రెండూ జంటగా కదిలితే కరెంటు దేనివల్ల పెరిగిందో విడదీయలేం. అందుకే కావాలని మార్చారు. చల్లని నీటి సెట్ పాయింట్, అంటే నీరు ఎన్ని డిగ్రీల దగ్గర బయటకు రావాలని యంత్రానికి చెబుతామో అది, 6.5, 7.5, 8.5, 9.5. ఒక్కోదాని దగ్గర టవర్ ఫ్యాను పూర్తిగా, తర్వాత ఫ్యాను ఆపి నీటిని వేడెక్కనిచ్చి, తర్వాత రెండు టవర్లూ కలిపి. మార్చిన ప్రతిసారీ అంకెలు నిలకడకు వచ్చేదాకా అరగంట, నలభై నిమిషాలు ఎదురుచూడటం. ఆ రాత్రుల్లో థియేటర్లు ఖాళీగా ఉండేలా నేను ముందే నర్సింగ్ సూపరింటెండెంట్ గారితో మాట్లాడి పెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి మాస్టారు స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తూ ఒక్కో నిమిషానికి ఒక్కో అంకె చెబుతుంటే మా ఒడియా ఆపరేటరు రాసుకున్నాడు. అతనికి తెలుగు వస్తుంది, మాస్టారుకు ఒడియా రాదు. అంకెలు మాత్రం ఇద్దరూ ఇంగ్లీషులోనే చెప్పుకున్నారు.

నివేదిక పది రోజుల్లో అన్నారు, ఐదు వారాలు పట్టింది. ఇది వాళ్ల లోపం. మే చివర, జూన్ మొదటి వారాల ఉక్కలో మాకు ఆ లెక్క ఎంతో అవసరం. అది అందేటప్పటికి వానలు మొదలయ్యాయి.

నమూనా ఎలా కట్టారో నాకు అర్థమైనంత రాస్తాను. భవనాల ఇంధన లెక్కలకు డీఓఈ-2 అనే అమెరికా ప్రోగ్రాం నుంచి వాడుకలోకి వచ్చిన పద్ధతి ఒకటుంది. ఇప్పటి ఎనర్జీప్లస్‌లోనూ అది ఉంది. అందులో మూడు వక్రరేఖలు. మొదటిది, రెండు నీళ్ల ఉష్ణోగ్రతలను బట్టి యంత్రం గరిష్ఠంగా ఎన్ని టన్నులు ఇవ్వగలదో చెబుతుంది. రెండోది, అవే రెండు ఉష్ణోగ్రతలను బట్టి పూర్తి లోడు మీద టన్నుకు పడే కరెంటు ఎంత మారుతుందో చెబుతుంది. మూడోది, లోడు తగ్గినప్పుడు కరెంటు ఏ మేరకు తగ్గుతుందో చెబుతుంది. మొదటి రెండింటికీ ఆరేసి గుణకాలు, మూడోదానికి మూడు. మొత్తం పదిహేను అంకెల్లో మా యంత్రం స్వభావం ఇమిడిపోయింది. మూడూ గుణించి, ప్రామాణిక స్థితిలోని కరెంటుతో గుణిస్తే ఆ క్షణానికి పట్టే కిలోవాట్లు వస్తాయి.

ఆ నమూనా చెప్పినదాని ప్రకారం మా యంత్రానికి కండెన్సర్‌లోకి వచ్చే నీరు ఒక డిగ్రీ తగ్గితే కరెంటు 2.3 శాతం తగ్గుతుంది. బయటకు వెళ్లే చల్లని నీటిని ఒక డిగ్రీ పెంచితే 2.5 శాతం తగ్గుతుంది. సాధారణంగా నీటితో చల్లబడే చిల్లర్లకు రెండు నుంచి మూడు శాతం అని అంటారు కాబట్టి ఇది వింతేమీ కాదు. కానీ "సాధారణంగా" అన్న మాటతో నేను మేనేజరు దగ్గర ఒక్క రూపాయి కూడా మంజూరు చేయించుకోలేను. మా యంత్రం మీద, మా నీటితో, మా కళ్ల ముందు కొలిచిన అంకె అయితే చేయించుకోగలను. చేయించుకున్నాను.

నివేదికతో పాటు గోడకు అంటించే పట్టికలు మూడు ఇచ్చారు: సగం లోడుకు ఒకటి, ముప్పావుకు ఒకటి, పూర్తి లోడుకు ఒకటి. అడ్డంగా కండెన్సర్ నీరు 20 నుంచి 33 డిగ్రీల దాకా, నిలువుగా చల్లని నీరు 7 నుంచి 10 దాకా. రెండు వేళ్లు జరుపుకుంటూ వెళ్తే కలిసిన గడిలో టన్నుకు ఎన్ని కిలోవాట్లు రావాలో ఉంటుంది. ప్రతి గంటకూ ఆపరేటరు వచ్చిన అంకెనూ రావలసిన అంకెనూ పక్కపక్కనే రాస్తాడు. నివేదిక అరవై నాలుగు పేజీలూ ఇంగ్లీషులో ఉంది. అది చదివేది నేనూ మేనేజరూ. పట్టిక మాత్రం తెలుగులో అడిగి చేయించుకున్నాను. మా ఆపరేటర్లు నలుగురిలో ఇద్దరు ఒడియా వారు. వాళ్ల కోసం ఒడియాలో కూడా కావాలని అడిగితే రెండో రాకలో చేసి తెచ్చారు, అదనపు రుసుము తీసుకోలేదు.

ఇక చల్లని నీటిని పెంచడం గురించి. బయట ఎక్కడ చదివినా సెట్ పాయింట్ పెంచండి, డబ్బు మిగుల్చుకోండి అని ఉంటుంది. ఆసుపత్రిలో అది అంత సులువు కాదు. ఆపరేషన్ థియేటర్లో 22 డిగ్రీల వద్ద తేమ 55 శాతం ఉండాలంటే, గదికి గాలి పంపే యంత్రంలోని (ఏహెచ్‌యూ) చల్లని నీటి గొట్టాల చుట్ట గాలిని సుమారు 12.5 డిగ్రీల దాకా చల్లబరిచి అందులోని నీటిని పిండేయాలి. జూలై గాలిలో తేమ ఎంత ఉంటుందో ఈ తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. చల్లని నీరు 9 డిగ్రీలకు పెంచితే గది చల్లగానే ఉంటుంది, తేమ మాత్రం పైకి పోతుంది. శస్త్రచికిత్స జరిగే గదిలో అది నేను ఒప్పుకోను. ఈ విషయం మాస్టారు నాకంటే ముందే ఎత్తారు. వానాకాలమంతా 7.5 దాటవద్దన్నారు. ప్యానెల్ తప్పు చూపడం వల్ల మేం 7 అనుకుంటూ ఏళ్లుగా నడిపింది ఎలాగూ 7.5 దగ్గరే, థియేటర్లో తేమ ఎప్పుడూ అదుపు తప్పలేదు కాబట్టి ఆ అంకె మీద నాకూ ధైర్యం ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో గాలి పొడిబారినప్పుడు 9 దాకా వెళ్లమన్నారు. అదీ థియేటర్ తేమ మీటరు చూసుకుంటూ.

నాకు బాగా నచ్చింది టవర్ల లెక్క. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా ఒక టవర్ ఫ్యాను రెక్కలు విరిగాయి. ఆ హడావిడిలో దొరికిన వేరే రెక్కలు బిగించాం. గాలి లాగుతోంది కదా అని తర్వాత పట్టించుకోలేదు. వీళ్లు రెండు టవర్లనూ విడివిడిగా కొలిచారు. ఏ టవర్ అయినా నీటిని గాలి తడి బల్బు ఉష్ణోగ్రత (థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో కొలిచేది) కంటే తక్కువకు చల్లబరచజాలదు. దానికి ఎంత దగ్గరగా తేగలిగితే టవర్ అంత మంచిది. ఒకటి నాలుగు డిగ్రీల దూరంలో ఆగుతోంది, తుపాను దెబ్బ తిన్నది ఐదు డిగ్రీలు దాటి ఆగుతోంది. మేం వారం వారం మార్చి నడుపుతున్నాం కాబట్టి వారం విడిచి వారం మూడు శాతం వరకు ఎక్కువ కరెంటు పోతోందన్నమాట. రెక్కలు మార్పించాం.

ఆ తర్వాత నేనొక ప్రశ్న అడిగాను. ఒక చిల్లర్‌కు రెండు టవర్లూ కలిపి నడిపితే నీరు ఇంకా చల్లబడుతుంది కదా, అలాగే చేద్దామా అని. ఆ అమ్మాయి అక్కడికక్కడే లెక్క వేసింది. రెండు ఫ్యాన్లూ పూర్తి వేగంతో తిరిగితే నీరు 31.8 నుంచి 29.7కు దిగుతుంది, చిల్లర్ దగ్గర నాలుగున్నర కిలోవాట్లు మిగులుతాయి. కానీ రెండో ఫ్యాను ఐదున్నర తింటుంది. చివరికి నష్టం. రెండు ఫ్యాన్లనూ అరవై శాతం వేగంతో తిప్పితే సంగతి వేరు. ఫ్యాను తీసుకునే కరెంటు వేగం ఘనంతో పాటు పడిపోతుంది. అరవై శాతం వేగం దగ్గర ఐదో వంతు చాలు. రెండూ కలిపి 2.4 కిలోవాట్లు, అంటే ఒక్క ఫ్యాను పూర్తి వేగంతో తిన్నదానిలో సగం కూడా కాదు. నీరు 30.6కు దిగుతుంది, చిల్లర్ దగ్గర మరో రెండున్నర మిగులుతాయి. మొత్తం ఐదున్నర కిలోవాట్లు. మార్చి నెలలో రెండు ఫ్యాన్లకూ వేగం మార్చే డ్రైవులు పెట్టించాం. నీరు రెండు టవర్లకూ సగం సగం పంచినప్పుడు పైన చిమ్మే గొట్టాల నుంచి సమంగా పడుతోందో లేదో డాబా ఎక్కి చూసుకోవాలి. మాకు ఒక మూల పొడిగా ఉండిపోయింది, నాజిళ్లు మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు జనవరి సంగతి. ఒక తెల్లవారుజామున కండెన్సర్ నీరు 22 డిగ్రీలకు దిగింది. చల్లని నీరు 9 దగ్గర ఉంది. పట్టికలో 0.46 రావాలని ఉంది. వచ్చింది 0.57. రాత్రి డ్యూటీ ఆపరేటరు భయపడి ఫోను చేశాడు, యంత్రంలో ఏదో పాడైందని. నేను వెళ్లి అన్నీ చూశాను. చిల్లర్ లోపల తిరుగుతూ వేడిని మోసే గ్యాసు ఒత్తిళ్లు, నూనె మట్టం, కంప్రెసర్ శబ్దం అన్నీ మామూలుగానే ఉన్నాయి. రెండు రోజులు అదే తంతు. యంత్రం బాగానే ఉంది, పట్టికే తప్పు అని నాకు అర్థమై మాస్టారుకు ఫోను చేశాను.

ఆయన ఒక్క మాట కూడా దాటవేయలేదు. "మే నెలలో మేం కొలిచిన నీరు 28 నుంచి 34 డిగ్రీల మధ్యది. పట్టికను 20 దాకా గీయడం మా తొందరపాటు. చూడని చోటికి ఆ రేఖను సాగదీశాం" అన్నారు. వర్గ సమీకరణంతో గీసిన వక్రరేఖ కొలతలున్న మేరకు యంత్రాన్ని చక్కగా అనుసరిస్తుంది. ఆ అంచు దాటితే తన దారిన తాను వంగిపోతుంది, యంత్రంతో దానికి సంబంధం ఉండదు. వారం తిరక్కుండా ఇద్దరూ వచ్చారు, రెండు చలి రాత్రులు ఉండి కొలతలు తీసుకున్నారు. ఛార్జీలు తప్ప రుసుము తీసుకోలేదు.

ఈసారి రెండో రకం నమూనా కూడా కట్టి ఇచ్చారు. గోర్డన్, ఎన్జీ అనే శాస్త్రవేత్తల పేరుతో పిలిచే పద్ధతి అది. అందులో పదిహేను గుణకాలు లేవు, మూడే స్థిరాంకాలు. అవి ఉష్ణగతిక శాస్త్రంలోంచి పుట్టినవి కాబట్టి ఒక్కోదానికీ అర్థం ఉంది: ఒకటి యంత్రం లోపలి నష్టాలకు, ఒకటి బయటి నుంచి దూరే వేడికి, ఒకటి నీటి గొట్టాల గుండా వేడి దాటడానికి ఎదురయ్యే అడ్డంకికి. కొలతల అంచుల దగ్గర ఇది అంత తేలిగ్గా దారి తప్పదు. రెండు నమూనాలూ ఒకే మాట చెప్పిన గడులను పట్టికలో మామూలుగా ఉంచారు, మూడు శాతానికి మించి విభేదించిన గడులకు బూడిద రంగు వేశారు. ఆ బూడిద రంగు గడుల్లో అంకె మీద నమ్మకం తక్కువని ఆపరేటర్లందరికీ ఇప్పుడు తెలుసు. 20 డిగ్రీల కంటే చల్లని నీరు కండెన్సర్‌కు పంపవద్దని మా యంత్రం పుస్తకంలో ఉంది, వేడి వైపు, చల్లని వైపు గ్యాసు ఒత్తిళ్ల మధ్య తేడా మరీ తగ్గితే నూనె సరిగ్గా తిరగదు. అందుకే పట్టిక అక్కడితో ఆగుతుంది.

మే నెలలోనే ఈ జాగ్రత్త తీసుకుని ఉండాల్సింది. చలికాలంలో మళ్లీ కొలవాలని మొదటి ఒప్పందంలోనే రాసి, దానికి కావలసిన డబ్బు అడిగి ఉంటే మేం ఇచ్చేవాళ్లం. ఈ సేవ తీసుకోవాలనుకునేవారు తప్పకుండా రెండు కాలాల్లో కొలతలు కావాలని ముందే రాయించుకోండి.

ఆగస్టులో జరిగింది చెబితే ఈ పట్టిక మాకు ఎందుకింత ముఖ్యమో తెలుస్తుంది. నెల మొదట్లో వచ్చిన అంకె రావలసినదానికంటే రెండు శాతం ఎక్కువ. పదో తేదీకి నాలుగు. ఇరవయ్యో తేదీకి ఏడు. ప్యానెల్ మీద ఏ అలారమూ లేదు, వార్డుల నుంచి ఫిర్యాదు లేదు. పట్టిక లేకపోతే వానాకాలం ఉక్క అనుకుని వదిలేసేవాళ్లం. ఉక్క ప్రభావం కండెన్సర్ నీటి ఉష్ణోగ్రతలోనే లెక్కకు వచ్చేసింది కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు. కండెన్సర్‌లో గ్యాసు ద్రవంగా మారే ఉష్ణోగ్రతకూ, బయటకు వెళ్లే నీటికీ మధ్య తేడా చూశాం. మే నెలలో 1.8 డిగ్రీలుండేది, 3.9 అయింది. మూత విప్పించాం. గొట్టాల లోపల వేలితో గీస్తే రాలేంత తెల్లటి పొర. మా నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఎప్పుడో పని మానేసింది, బోరు నీరు నేరుగా టవర్‌లోకి పోతోంది. గొట్టాలు బ్రష్‌తో తోమించి, సాఫ్ట్‌నర్ బాగుచేయించి బిగించాక అంకె మళ్లీ పట్టికలోని గడికి ఒక్క శాతం తేడాలోకి వచ్చింది.

డబ్బు లెక్క కూడా రాస్తాను. వాళ్ల రుసుము 52,000 రూపాయలు. ఫ్యాన్ల డ్రైవులకు, బిగింపుకు కలిపి 95,000 అయింది. చిల్లర్‌కు, టవర్ ఫ్యాన్లకు కలిపి మాకు వేరే మీటరు ఉంది. పోయిన ఏడాది బిల్లుతో ఈ ఏడాది బిల్లును నేరుగా పోల్చడం న్యాయం కాదు, ఎండలు ఒకేలా ఉండవు, రోగుల సంఖ్యా ఒకేలా ఉండదు. అందుకని ఈ ఏడాది వాతావరణంలో, ఈ ఏడాది లోడుతో పాత పద్ధతిలోనే నడిపి ఉంటే ఎంత పట్టేదో నమూనాతోనే లెక్క కట్టించాం. పన్నెండు నెలలకు 4,62,000 యూనిట్లు. మీటరు తిరిగింది 4,21,000. యూనిట్ ఆరు రూపాయల చొప్పున చూసినా దాదాపు రెండున్నర లక్షలు.

వాళ్లు ఎక్సెల్ ఫైలుకు తాళం వేయకుండా ఇచ్చారు, కొట్టేసిన కొలతలతో సహా మొత్తం అంకెలు అందులో ఉన్నాయి. మా కొత్త ఆపరేటరు డిప్లొమా చదివినవాడు. ఇప్పుడు నెలనెలా కొత్త కొలతలు చేర్చి గుణకాలు తనే సరిచూస్తున్నాడు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర, నివేదిక ఆలస్యానికీ చలికాలం కొలతలు మరిచినందుకూ కలిపి తగ్గించాను.

పిలిపించుకునేవారు ముందుగా పైపుల మీద సెన్సర్ గొట్టాలున్నాయో లేదో చూసుకోండి, లేకపోతే యంత్రం ఆపి వెల్డింగ్ చేయించాలి. ఆ పని వాళ్లు వచ్చాక పెట్టుకుంటే ఒక రోజు వృథా అవుతుంది. ప్రవాహం కొలిచే మీటరు పైపు మీద బిగించడానికి వంపులు లేని తిన్నని పైపు కొంత పొడవునా కావాలి, అక్కడి ఇన్సులేషన్ ముందే విప్పించి పెట్టండి. చిల్లర్‌కు విడిగా కరెంటు మీటరు లేకపోతే అది మొదట పెట్టించండి. మా రెండో చిల్లర్‌కూ ఇదే లెక్క కట్టించమని మేనేజరు గారు మొన్న సంతకం పెట్టారు. నవంబరు చివర ఒకసారి, మే నెలలో ఒకసారి కొలవాలని ఈసారి ఒప్పందంలోనే రాయించాను.